అపోండి గుడ్లు

చెల్లీ అపోండీ,

పొదుగుపెట్టెలో గుడ్లు చల్లబడుతున్నాయనీ, అవి పోతే ఈ ఏడు నీ బతుకుతెరువే పోయినట్టనీ, కాస్త కరెంటు అమ్మమనీ కోడలితో కబురంపావు.

మన ఆయన ఓచోలా పోయినప్పుడు నువ్వేమన్నావు? "నా పెద్ద సవతి మంత్రగత్తె! దాని సోలార్ పలకల కరెంటు తగిలితే పసికూనలు బతకవే తల్లీ!" అని శోకాలు పెట్టావు. నా దగ్గర కొనకుండా, ఎవరి కరెంటు కొనాలో ఎంచుకునే మీటరులో నా పేరు కొట్టేశావు, ఇరుగుపొరుగు చేతా కొట్టించావు.

ఇప్పుడు సరస్సు మీంచి ముసురు పట్టింది. ఈ చుట్టుపక్కల బ్యాటరీలో కరెంటు నిల్వ ఉన్నది నా ఒక్కదాని దగ్గరే.

అమ్మను. కోపంతో కాదమ్మా. నా కరెంటు తగిలి నీ కోడిపిల్లలు చస్తే ఆ పాపం నాకెందుకు?

గుడ్లు నిన్ననే పెట్టెలో పెట్టావట. పాడవకముందే ఇటు పంపించు. ఉడకబెట్టుకోవడానికి నా దగ్గర కరెంటు బోలెడుంది.

నీ పెద్దక్క