మంగకు పాప్ పరీక్ష

జూన్ 12, 2014. మబ్బు పట్టింది గాని చినుకు లేదు, ఉక్క. పొద్దున కూలర్ గడ్డి మార్చాను.

సరోజా, నీ చెల్లెలు మంగను చివరికి పాప్ పరీక్షకు తీసుకెళ్లాను. నిన్ను తీసుకుపోయిన గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌ను ముదరకముందే పట్టుకునే పరీక్ష అది. ఏడాదిగా బతిమాలితే ఒప్పుకుంది. తీరా లోపలికి అలా వెళ్లి ఇలా వచ్చేసింది. వెనకే నర్సమ్మ, మన కాకినాడావిడే.

“డెటాల్ నీళ్లతో లోపలంతా కడుక్కొచ్చారండీ. ఇంక కణాలేం దొరుకుతాయి? శనివారం రమ్మనండి, అందాకా లోపల కడుక్కోవద్దనండి.”

“డాక్టరమ్మ ముందుకి అలాగే వెళ్లిపోతానా బావగారూ? పెళ్లిచూపులకి కూడా ఇంత తోముకోలేదు. బస్, చాలు, ఇంక నేను రాను.”

నాకు ఒళ్లు మండింది. పుల్లతో కాస్త గీకి, గాజుపలక మీద పూసి, మైక్రోస్కోపు కింద చూడడమే కదా. నువ్వు పుట్టకముందే కనిపెట్టారని ఈమధ్యే చదివాను. ఏ బాధా లేనప్పుడే చేయించుకోవాలట. ఆ మాట నీకెవరూ చెప్పలేదు. కడుక్కోవద్దని మంగకు ముందే ఎవరూ చెప్పలేదు.

దేవేంద్ర నగర్‌లో మంగ ఇంటి ముందు స్కూటర్ ఆపాను. దిగి, గేటు పట్టుకుని నిలబడింది.

“అక్కకి కూడా ఏ బాధా లేదనే అనేది కదా బావగారూ... శనివారం ఎన్నింటికి?”

పదింటికన్నాను. వస్తూ పెట్రోలు పోయించాను. ఇంటికొచ్చి కూలర్‌లో నీళ్లు పోశాను.