దర్వాజల పట్టని బల్ల

చందానగర్, 1969, ఆదివారం

సుబ్బారావు సారు రాతబల్ల ఇయ్యాల అయిపోయింది. పట్నంల నవాబు దేవిడి కూలగొడుతుంటె నేను తెచ్చుకున్న అక్రోట్ కట్టె అది. సారంటె, బడి విడిచినంక నన్ను ఎదురుంగ కూసోపెట్టుకొని అక్షరాలు దిద్దిచ్చిన మనిషి. ఈ డైరీ రాసుడు గూడ ఆయన చలవే. ఆయనేమో ఒళ్లె అట్ట పెట్టుకొని రాసుకుంటడు.

నిన్న సారు ట్రంకుపెట్టె సర్దుతుంటె చూసిన.

పొద్దుగాల పటేల్ వచ్చిండు. "ఆంధ్రాయన రేపోమాపో పోయేటోడు. ఆయనకెందుకురా యాదయ్యా గింత మంచి బల్ల? ఇచ్చినవంటె మా నాగండ్లు చెక్కే పని ఇగ నీకు గాదు, నిజాంపేట వడ్రంగాయనకే" అన్నడు.

"ఇచ్చుకోండ్రి పటేలా" అన్న. ఇంట్ల బియ్యం అయిపోవచ్చినయి... సరే, చూద్దాం.

కాళ్లు, పలకలు సారు ఉండే అర్రలకే మోసుకపోయి ఆడనే జోడిచ్చిన. కట్టె మేకులు కొట్టి, బంక పోసి బిగిచ్చిన. ఇగ ఊడదు.

సారు బల్లను తడిమి తడిమి చూసి, దర్వాజ దిక్కు తిరిగిండు. "యాదయ్యా, ఇది బయటికి పట్టదేమోనయ్యా. కొలత తప్పిందా?"

వాకిట్ల నిలవడ్డ పటేల్ మనుషులు పకపక నవ్విన్రు. నవ్వనీ.

ఆ దర్వాజ చేసి నిలవెట్టింది నేనే. దాని కొలత నాకు తెల్వదా? సారు ఈ బల్లను విడిచిపెట్టి పోడు, నాకెరుక. బల్ల బయటికి రావాలంటె దర్వాజ పీకాలె.

పీకనీకి నన్ను పిలిస్తె, నేను పోను.