కోడలి మీద పడ్డ మాట

గోరేబాళ, 12-8-66

అక్కయ్యకు బుల్లెమ్మ నమస్కారాలు. డాక్టరు చెప్పిన బరువుకు దిగాను, మోకాళ్ల నొప్పి పోయింది. మొన్న ఊళ్లో ఒక సీమంతంలో పొరుగింటి కరియమ్మ నన్ను చూసి, "ఏందమ్మా, గిట్ల ఎండిపోయినవ్? ఇంట్ల కోడలు కూడు పెడ్తలేదా?" అంది. ఏడాదిగా నాకు వేరే జొన్నరొట్టెలు కాల్చిపెట్టిన మా కోడలు రాజ్యలక్ష్మి పక్కనే ఉంది. అందరూ నామీద జాలిపడుతుంటే హాయిగా అనిపించి ఊరుకున్నాను. ఆ పూట పిల్ల అన్నం ముట్టలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మర్నాడు కరియమ్మకు నిజం చెప్పి వచ్చాను గానీ, కోడలి ముందు నోరు పెగల్లేదు.

రవికలన్నీ వదులైపోయాయి, నీ పాతవి రెండు పంపు. బావగారి దగ్గు తగ్గిందా?

నాకు రాత రాదుగా, ఈ కార్డు రాజ్యలక్ష్మి చేతే రాయిస్తున్నాను. తప్పు నాదేనని రాయమన్నాను. "చాల్లెండి అత్తయ్యా" అంటూనే రాసింది.

పిల్లలకు దీవెనలు.