రెండో గీత రంగు

ఏప్రిల్ 3
ఫిజిక్స్ ప్రాక్టికల్ ఇంకా పది రోజులు. కొత్తవాడ ఇంట్లో కాదు, దవాఖానలో చదువుతున్నాను. బాపుకి లివర్ చెడిపోయింది. వారం, మహా అయితే రెండు వారాలు అన్నాడు డాక్టర్. బాపుకి చెప్పలేదు.

ఏప్రిల్ 4
హైడ్రోజన్ స్పెక్ట్రమ్ పైకి చదువుతుంటే బాపు విన్నాడు. నలభై ఏళ్లు జంపఖానాల నూలుకు రంగులు వేసిన మనిషి. రంగు కలపకుండనే గాలికి రంగెట్లొస్తది బిడ్డా అని అడిగాడు. గాజు ట్యూబులో హైడ్రోజన్ నింపి కరెంట్ ఇస్తే వెలుగుతుందని, గ్రేటింగ్ అనే సన్నగీతల గాజుపలకలోంచి చూస్తే ఆ వెలుగు విడివిడి గీతలుగా కనిపిస్తుందని చెప్పాను. ఊదా, నీలి ఆకుపచ్చ, ఎరుపు. నీలి ఆకుపచ్చ అంటే ఒక్కటేనా, మా కార్ఖానాల ఇరవై ఉంటయి, సక్కగ జెప్పు అన్నాడు.

నెమలి మెడ రంగు అన్నాను.

నిజానికి ఆ రంగు నేను చూడలేదు. మా ల్యాబ్‌లో ట్యూబ్ పోయి ఏడాదిన్నర. క్లాసంతా సీనియర్ల రికార్డు చూసి రీడింగులు రాశాం. చూసుడెందుకే, జవాబు బుక్కులనే ఉన్నది గదా అంది నా పార్ట్‌నర్ స్రవంతి. అప్పుడు నవ్వాను.

ఏప్రిల్ 6
బాపు తమ్ముడు భాస్కర్ కాక వచ్చాడు. పరీక్ష నీకా, మీ బాపుకా అని నన్ను ఆటపట్టించాడు. బాపు సెలైన్ సూది ఉన్న చెయ్యి ఊపుతూ కాకతో రంగు పాళ్లు రాయించాడు. నీలం ఎంత, పచ్చ ఎంత. మగ్గం మీదున్న జంపఖానా అంచుకు ఆ రంగు పట్టీ పడాలట. నా బిడ్డ సూసిన రంగు అన్నాడు.

ఆ ముఖం చూసి నిజం చెప్పలేకపోయాను.

ఏప్రిల్ 10
ఇవాళా చెప్పలేదు.

ఏప్రిల్ 13, మధ్యాహ్నం 2
పరీక్షకు కొత్త ట్యూబ్ తెప్పించారు. చీటీలో నాకు హైడ్రోజనే వచ్చింది. స్పెక్ట్రోమీటర్ టెలిస్కోప్ తిప్పాను. ముందు ఊదా. తర్వాత అది.

నెమలి మెడ కాదు. మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, కలిపిన నీళ్లు. ఆ ఒక్క మాట చెబితే బాపుకి అర్థమవుతుంది.

ఆ గీత తరంగదైర్ఘ్యం 479 నానోమీటర్లు వచ్చింది. బుక్కులో 486. దిద్దలేదు. తేడా ఉందేమిటని ఎగ్జామినర్ అడిగాడు. నేను చూసింది అదే సార్ అన్నాను.

సాయంత్రం 4
బాపుకి పొద్దున్నుంచి స్పృహ లేదట. పరీక్ష పాడవుతుందని అమ్మ ఫోన్ చేయలేదు. చెవి దగ్గర రెండుసార్లు చెప్పాను, మైలుతుత్తం అని.

ఏప్రిల్ 14
ఉదయం 7:10.

ఏప్రిల్ 27
జంపఖానా మగ్గం దిగింది. పట్టీ నాలుగు వేళ్ల వెడల్పు. పరామర్శకు వచ్చినవాళ్లందరికీ కాక చూపిస్తున్నాడు. బాపు చెప్పిన పాళ్లు తప్పలేదు. నెమలి మెడ రంగే వచ్చింది.