వీపుల ఫొటోల పంపకం

బెంగళూరు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కొడుకు గిరీష్ ఫ్లాటులో ఉంటున్న నేను, మగ్గం వెంకటేశప్పను, కీర్తిశేషురాలు మునివెంకటమ్మ భర్తను, ఈ వీలునామా రాయిస్తున్నాను. మోకాళ్ళు పోయాయి, మతి పోలేదు. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బతిమాలలేదు. నాకు సంతకం, బస్సు బోర్డు వరకే చదువు. అందుకని కింది అంతస్తు ఓంకార్ చేత రాయిస్తున్నాను. పుస్తకం భాషలో రాస్తానన్నాడు, రాసుకోనీ. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే పెట్టమన్నాను. ఇంతకు ముందు నా పేరుతో ఏ కాగితం ఉన్నా అది చెల్లదు.

1. నాకు ఇల్లు లేదు, భూమి లేదు. మగ్గాలు రెండూ జిగణిలో నాతోటి నేతగాడు పెద్దన్న కొనుక్కున్నాడు, అవి వాడివే. పంచడానికి నాకున్న ఆస్తి ఒక్కటే. నా భార్య ఫోను, అందులోని ఫొటోలు.

2. ఆ ఫొటోలు ఏమిటో తెలియకుండా ఎవరూ వాటిని ముట్టకూడదు కాబట్టి చెబుతున్నాను. నేను నేసిన చీర ఒక్కటి కూడా ఈ ఇంట్లో లేదు. అన్నీ అంగడికే పోయాయి. మునివెంకటమ్మ నా మగ్గాలకు నూలు కండెలు చుట్టిన మనిషి. అంచు చూసి ఏ మగ్గం మీద దిగిన చీరో చెప్పేది. చివరి సంవత్సరాల్లో బస్టాపులోనో, పెళ్ళిలోనో మా చీర ఎవరి ఒంటి మీద కనబడినా ఫోనుతో ఫొటో తీసేది. ముందు నుంచి తీస్తే ఆ ఆడవాళ్ళు ఏమంటారోనని వెనక నుంచే తీసేది. ఇంటికొచ్చి, “ఇదో, నీ చీర ఇంకా ఊరు తిరగతా ఉండాది చూడు” అనేది. నా పనికి మిగిలిన గుర్తు ఆ వీపులే.

3. గిరీష్ తన ఫోనునూ వాళ్ళమ్మ ఫోనునూ నెట్టులో ఒకే పేరు మీద కలిపి పెట్టాడు. రెండు చోట్ల ఉంటే భద్రమన్నాడు. అది భద్రం కాదు. ఆమె పోయాక తన ఫోనులో జాగా చాలక వీపుల ఫొటోలు తీసేయసాగాడు. అక్కడ వాడు తీసేస్తుంటే ఇక్కడ ఆమె ఫోనులో కూడా వరసకు వరస మాయమయ్యాయి. ఆ వేళ నా పక్కన నా కూతురు చైత్ర ఉంది కాబట్టి సరిపోయింది. గబుక్కున విమానం బొమ్మ నొక్కి నెట్టు తెంపేసింది. సగమైనా మిగిలాయి. “అప్పా, ఈ బొమ్మ ఎత్తితే ఉండేటివీ పోతాయి, తాకొద్దు” అంది. గిరీష్‌ను అడిగితే, “అన్నీ ఎవురివో ఈపులే కదప్పా, సుమ్నే, ఊరికే జాగా తింటా ఉండాయి” అన్నాడు. ఆ మాట నేను మరవలేదు. ఈ కాగితం ఉన్నన్నాళ్ళు వాడూ మరవకూడదు.

4. నేను విమానం ఎక్కిన వాణ్ణి కాదు, అయినా ఏడాదిగా విమానం గుర్తు కిందే బతుకుతున్నాను. ఆ ఫోను బ్యాటరీ చచ్చింది. గోడకు తగిలించి ఉంటేనే వెలుగుతుంది. వంటింటి గడప పక్క ప్లగ్గు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా ఉంటాను. కరెంటు పోతే ఆరిపోతుంది, మళ్ళీ వెలిగేదాకా నాకు అన్నం దిగదు. “చార్జింగ్ పెట్టుండేది ఫోన్‌కా, నీకా అప్పా?” అని చైత్ర ఎగతాళి చేసింది. ఫొటోలు ఎక్కించుకోవడానికి ఆమె కంప్యూటరు తెచ్చింది కూడా. ఫోనుకు ఉన్న కన్నం ఒక్కటే. చార్జరు పీకితే గాని కంప్యూటరు తీగ దూరదు. పీకింది, ఫోను ఆరిపోయింది. పొద్దుగూకే వరకు లేవలేదు. అప్పటి నుంచి ఎవరినీ పీకనివ్వలేదు. బ్యాటరీ మార్చమని దుకాణానికి పోతే, “డేటా పోతే మాది జవాబ్దారి కాదు తాతా” అన్నాడు. జవాబ్దారి లేనివాడి చేతిలో నేనెందుకు పెడతాను? వదిలిపెట్టి లేవలేను, కూర్చుని కాపాడనూ లేను.

5. కాబట్టి నా ప్రాణం పోయాక, అంతకు ముందు కాదు, ఈ వరసలో చేయాలి. విమానం బొమ్మ ఎత్తకుండా కళ్ళెదుట బ్యాటరీ మార్పించాలి. తీగతో ఫొటోలను రెండు డిస్కులకు ఎక్కించాలి. ఒకటి మారతహళ్ళిలో చైత్ర ఇంట, ఒకటి ఇక్కడ. రెండూ ఒకే కప్పు కింద ఉండరాదు. నెట్టు మీద కొత్త పేరు తెరిచి చైత్ర అందులో ఒక కాపీ పెట్టాలి, దానికి ఇంకెవరి ఫోనూ కలపరాదు. ఒక వరస కాగితం మీద అచ్చేయించి పెద్దన్నకు ఇవ్వాలి. ఆ మగ్గాల మీద ఏం దిగిందో వాడు చూడనీ. డిస్కులను ఏటా ఒకసారి తెరిచి చూడాలి. పెట్టెలో పడేసి మరిచిపోవడం దాచడం కాదు. ఇవన్నీ అయ్యాకే విమానం బొమ్మ ఎత్తాలి. మసకగా ఉన్నవని ఏ ఒక్కటీ తీసేయరాదు. బస్సు కదిలిపోతుంటే ఆమె ఏం చేస్తుంది?

6. నేను ఆక్రమించిన ప్లగ్గును కోడలు గీతాంజలికి తిరిగి ఇస్తున్నాను. అది ఆమె మిక్సీది. ఏడాదిగా చట్నీ రుబ్బడానికి మిక్సీని పడకగదికి మోసుకుపోతోంది. నా కుర్చీ కూడా ఆమెకే. ఈ ఇంట్లో ఆమె కూర్చోవడం నేను తక్కువ చూశాను.

7. ఇదంతా జరిపించే మనిషిగా చైత్ర పేరు రాయబోయాడు ఓంకార్. గిరీష్ పేరు రాయమన్నాను. ప్రేమ పొంగి కాదు. చైత్రకు ధైర్యం ఎక్కువ, తీగ లాగేస్తుంది. గిరీష్ మొన్న వంటింట్లోకి పోతూ నా తీగకు కాలు తగలకుండా గోడకు ఒరిగి నడిచాడు. నేను చూడలేదనుకున్నాడు. ఈ పనికి ఆ భయం కావాలి.

8. ఫోను తాళం నంబరు నాకొక్కడికే తెలుసు. ఇక్కడ రాయిస్తే నలుగురు చదువుతారు. రాయించకపోతే నాతోనే పోతుంది. సంతకం కాగానే గిరీష్‌ను లోపలికి పిలిచి చెవిలో చెబుతాను. చెప్పాక, నేను ఈ కుర్చీలో కునుకు తీసినా సరే, వాడు తెరవగలడు, తీసేయగలడు. అది తెలిసే చెబుతున్నాను.

2025 నవంబరు 16, ఆదివారం, బెంగళూరు.

(సంతకం) వెంకటేశప్ప

సాక్షులు, ఇందులో ఏదీ ముట్టనివారు:
1. పద్మనాభం, మూడో అంతస్తు
2. సమీనా, ఎదురు ఫ్లాటు

దస్తూరి: ఓంకార్