ముంచేంత నీళ్లు లేక

కుప్పం, మంగళవారం

చెల్లెలు రూతుకు ప్రభువు తోడుండు గాక. నీ ఫోను రెండు రోజులుగా మోగడం లేదు, అందుకే ఈ కార్డు. ఈడ మంచాన పడిన ఎల్లప్ప బాప్తిస్మం ఇమ్మని మూడుసార్లు అడిగాడు. మునగనిదే రక్షణ లేదని మైకులో అరిచినవాణ్ణి నేనే. చెరువులో ముంచేంత నీళ్లు లేవు, వాన పడనీ అన్నాను. నిన్న పోయాడు.

"మునగలేదని మా ఇంటాయప్పను ఆడ పరలోకం వాకిట్లోనే నిలబెడ్తారా అన్నా?" అని ఆయన భార్య పాపక్క అడిగింది. చేతిలో ఉన్న బైబిలు తెరిచి సమాధి వాక్యం చదివాను. యేసు పరలోకానికి పిలిచిన సిలువ మీది దొంగను ఎవరూ ముంచలేదని సమాధి పూడ్చాక గుర్తొచ్చింది. పాపక్కకు రేపు చెబుతాను. ఎల్లప్పకు చెప్పలేను.

మదనపల్లె మందుతో నాన్నకు ఆయాసం తగ్గిందా? ఆయన్ను కూడా నేను పుంగనూరు వచ్చి ముంచేదాకా ఆగమన్నాను, అది తప్పు. ఈ కార్డు అందగానే ఆయన చేయి పట్టుకుని నువ్వే రక్షణ ప్రార్థన చెయ్యి. చెవుడు కదా, గట్టిగా చెయ్యి.

అందరికీ వందనాలు.
అన్న దానియేలు