నీలి వాచీ మీద ఆవిరి

అక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. నువ్వు సంతల్లో వెతికి తెచ్చుకున్న గాజులా మెరిసే మీనా పూత ఉన్న పాత లేడీస్ వాచీల పెట్టెను ఇవాళే తెరిచాను. కొంటానని బుద్వేల్ నుంచి ఒకావిడ వచ్చింది. నీలిదాన్ని చూపిస్తూ, "పూత పలిగిందో ఏందో, జర ఊది చూడు చెల్లె" అంది. నువ్వు నేర్పిన పరీక్షే. ఊపిరి ఆవిరి పడితే సన్నని పగుళ్లు బయటపడతాయి.

పట్టీ పట్టుకుని ఊదాను. పగుళ్లు లేవు. నీ బొటనవేలి ముద్ర తేలింది, అడ్డంగా ఆ పాత కత్తిగాటు మచ్చతో సహా.

"మరకనే కదా, తుడిచియ్యి, తీస్కపోత" అంది. నాకు ఒళ్లు మండింది. ఇది అమ్మేది కాదని చెప్పి పంపేశాను.

శంషాబాద్‌లో దిగుతున్న విమానం చప్పుడుకు కిటికీ అద్దాలు అదిరాయి. ఆవిరి ఆరింది. ముద్ర పోయింది.

మళ్లీ ఊదాను. మళ్లీ వచ్చావు.